సైకిళ్లు వెనక కట్టిన రోజు కారు మాట ఎంతవరకు నమ్మాలి

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చూడటానికి చాలా చిన్నది. తెల్లవారుజామున ఐదింటికి నెల్లూరులో ఇంటి గేటు దగ్గర రివర్స్ గేరు వేయగానే కారు కుయ్‌మని మొదలుపెట్టింది. ఆపదు. వెనక ర్యాక్ మీద రెండు సైకిళ్లున్నాయి, వాటిని చూసే ఈ గోల. పక్కింటివాళ్లు లేస్తారని బటన్ నొక్కి దాని నోరు మూయించాను.

మూడు గంటల తర్వాత మైపాడు బీచ్ దగ్గర కారు వెనక్కి తీస్తున్నాను. రొయ్యల మేత బస్తా వేసుకున్న ఎక్సెల్ బండి ఒకటి వెనకాలికి వచ్చి ఆగింది. నా స్క్రీన్‌లో కనిపిస్తున్నది మా అమ్మాయి సైకిలు చక్రం మాత్రమే. కారు ఏమీ అనలేదు. అనొద్దని పొద్దున చెప్పింది నేనే కదా. ఆయన గట్టిగా కేకేశాడు కాబట్టి సరిపోయింది. బయటి వైపు పెడల్ గుచ్చుకుని బస్తా చిరిగింది, ఆ తోపుకు కారు వైపు పెడల్ తిరిగి నా డిక్కీ మీద బెత్తెడు గీత గీసింది. మేత డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "వెనక చూసుకోవద్దా సార్" అని వెళ్లిపోయాడు.

అడాస్ (కెమెరాలు, రాడార్లతో చుట్టూ చూసి డ్రైవర్‌కు సాయపడే ఏర్పాటు) ఉన్న కారుకు వెనక ర్యాక్ బిగించినప్పుడు రెండు రకాల తేడాలు వస్తాయి. ఏమీ లేకపోయినా అరవడం ఒకటి, నిజంగా మనిషి ఉన్నా అరవకపోవడం ఇంకొకటి. అందరూ మొదటిదాని గురించే అడుగుతారు. నన్ను దెబ్బకొట్టింది రెండోది. కింద చెప్పే పద్ధతంతా దాన్ని దృష్టిలో పెట్టుకుని కుదుర్చుకున్నదే.

అసలు ర్యాక్ కావాలా

ఒక్క సైకిలే అయితే వద్దు. ముందు చక్రం ఊడదీసి, వెనక సీటు మడిచి, పాత దుప్పటి పరిచి లోపలే పడుకోబెట్టండి. పది నిమిషాల పని. కింద రాసిన తలనొప్పులు ఒక్కటీ ఉండవు. రెండు సైకిళ్లు, నలుగురు మనుషులు అన్నప్పుడే ర్యాక్ మాట.

పైకప్పు మీద కట్టుకునే ర్యాక్ పెడితే వెనక సెన్సర్ల గొడవ తప్పుతుంది, నిజమే. కానీ 15 కిలోల సైకిలును తలపైకి ఎత్తాలి. కట్టిన సంగతి మర్చిపోయి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దూరితే అక్కడితో సరి. నా నడుముకు అది పడదని వెనక ర్యాకే తీసుకున్నాను.

కారు కళ్లు ఎక్కడున్నాయి

ర్యాక్ కొనకముందే కారు వెనక గొంతుక్కూర్చుని ఒకసారి చూడండి. బంపర్ మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు వరసగా ఉంటాయి. అవే పార్కింగ్ సెన్సర్లు. మనకు వినపడని శబ్దం వదిలి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తాయి. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఇవి తప్పనిసరి కాబట్టి అడాస్ లేని కారైనా ఈ భాగం మీకూ వర్తిస్తుంది. నంబర్ ప్లేటు పైన, డిక్కీ హ్యాండిల్ పక్కన చిన్న గోళీ లాంటిది కెమెరా.

కంటికి కనపడనివి రాడార్లు. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక (అద్దాల్లో కనపడని పక్క భాగంలో బండి ఉంటే చెప్పేది) ఉన్న చాలా కార్లలో బంపర్ రెండు మూలల్లో, ప్లాస్టిక్ వెనకాల దాక్కుని ఉంటాయి. రేడియో తరంగాలు ప్లాస్టిక్‌ను దాటుకుని వెళ్లిపోతాయి, ఇనుమో అల్యూమినియమో అడ్డొస్తే వెనక్కి కొడతాయి. సైకిలు రిమ్ము సరిగ్గా ఆ మూలకు అడ్డంగా వచ్చిందనుకోండి, కారు దృష్టిలో ఎప్పుడూ పక్కన ఒక బండి ఉన్నట్టే. లేదంటే ఆ వెనక నుంచి వచ్చే అసలు బండి కనపడదు. కొన్ని కార్లు సెన్సర్‌కు అడ్డముందని మీటర్‌లో చెప్తాయి. చెప్పలేదంటే అంతా బాగుందని అనుకోవద్దు.

కొన్ని మోడళ్లలో బ్లైండ్ స్పాట్ కోసం రాడార్ బదులు పక్క అద్దం కింద కెమెరా ఉంటుంది. దాన్ని వెనక ర్యాక్ పెద్దగా ఇబ్బంది పెట్టదు. మీది ఏ రకమో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. ఆ పుస్తకం గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా పడి ఉంటుందని నాకు తెలుసు. నాదీ అలాగే ఉండేది.

అదే పుస్తకంలో ఇంకో రెండు చూడండి. డిక్కీకి ర్యాక్ కట్టొచ్చా, వెనక తలుపు మీద ఎంత బరువు పెట్టొచ్చు. కొన్ని కంపెనీలు వద్దనే రాస్తాయి. డిక్కీ తలుపు ప్లాస్టిక్‌దైతే, లేదా పైన ప్లాస్టిక్ స్పాయిలర్ ఉండి కొక్కేలు దాని మీదే కూర్చోవాల్సి వస్తే బెల్టులు, కొక్కేలతో డిక్కీకి కట్టే బెల్టు ర్యాక్ మీ కారుకు పనికిరాదు. కొక్కెం ఎప్పుడూ ఇనుప అంచును పట్టుకోవాలి, గాజు అంచును కాదు. థార్ లాగా స్టెప్నీ బయటే ఉండే బండ్లకు దాని మీద బిగించే ర్యాకులు వేరేగా వస్తాయి.

టేపు పెట్టి కొలవండి

ఇది ఎవరూ చేయరు. క్రెటా వెడల్పు 1790 మిల్లీమీటర్లు, ఎక్స్‌యూవీ 700ది 1890. పెద్దవాళ్లు తొక్కే 29 అంగుళాల చక్రాల సైకిలు ఈ చివర నుంచి ఆ చివరకు 180 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే క్రెటా వెనక అడ్డంగా కడితే చక్రం కారు పక్కకు తొంగి చూస్తుంది. ఒకవైపు జరిపి కట్టారా, ఆ వైపు జానెడు బయటకొస్తుంది. మన సందుల్లో ఆ జానెడు ఎవరి మోచేతికైనా తగులుతుంది. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఏ) సెక్షన్ ప్రకారం, అనుమతించిన హద్దు దాటి పక్కకో వెనక్కో లోడు పొడుచుకొస్తే జరిమానా 20,000 రూపాయలు. అది లారీలకే అనుకోవద్దు. ముందు చక్రం విప్పి కారులో వేసుకుంటే ఈ సమస్య అక్కడితో పోతుంది, బంపర్ మూలలో ఉన్న రాడార్‌కూ ఒకవైపైనా దారి దొరుకుతుంది.

రెండో కొలత వెనక్కి. సైకిళ్లు కట్టాక బంపర్ నుంచి బాగా బయటకొచ్చిన పెడల్ కొన వరకు ఎంత ఉందో చూడండి. నాకు 62 సెంటీమీటర్లు వచ్చింది. ఆ రోజుకు కారు అంత పొడవు పెరిగినట్టు లెక్క. స్క్రీన్ మీద కనిపించే ఎర్ర గీతకు ఈ సంగతి తెలియదు. గీత దగ్గరికి వచ్చేసరికి పెడల్ ఎప్పుడో గోడను గీకేసి ఉంటుంది.

బరువు తూచడం సులువు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద సైకిలు పట్టుకుని నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి, తీసేయండి. ర్యాక్ మీద 30 కిలోలని రాసి ఉంటే 15 కిలోల గేరు సైకిళ్లు రెండు పెట్టగానే నిండిపోయినట్టే. బ్యాటరీ సైకిలు చాలావరకు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది, దాన్ని బెల్టు ర్యాక్ మీద పెట్టకండి.

కట్టే వరస

కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందుగా డిక్కీ ఆటోమేటిగ్గా తెరుచుకునే సదుపాయం ఆపేయండి. బంపర్ కింద కాలు ఆడిస్తే డిక్కీ లేచే కార్లున్నాయి. తాళం జేబులో పెట్టుకుని బెల్టు కింద కొక్కెం తగిలించడానికి కాలు అటూ ఇటూ కదిపితే, సగం బిగించిన ర్యాక్‌తో సహా డిక్కీ పైకి లేస్తుంది. అప్పుడు పెయింటూ పోతుంది, కొక్కెమూ ఊడుతుంది.

కొక్కేలు ఆనే చోట, ర్యాక్ మెత్తలు ఆనే చోట తడిగుడ్డతో తుడవండి. మన వైపు గాలిలో ఇసుక, ఉప్పు రెండూ ఉంటాయి. మెత్త కింద నాలుగు ఇసుక రేణువులు చాలు, మైపాడు వెళ్లొచ్చేసరికి పెయింట్ మీద ఉప్పుకాగితం పట్టినట్టు అవుతుంది. పై బెల్టులు, పక్క బెల్టులు, కింద బెల్టులు, ఈ వరసలో కొంచెం కొంచెంగా బిగిస్తూ రెండుసార్లు తిరగండి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోతే ర్యాక్ ఒరుగుతుంది.

బరువు సైకిలు ముందు, కారుకు దగ్గరగా. రెండోది హ్యాండిల్ అటువైపు ఉండేట్టు తిప్పి పెట్టండి. రెండిటి మధ్య పంచర్ షాపులో దొరికే పాత ట్యూబు ముక్కలు చుట్టండి. దీనికోసం డబ్బు పెట్టి ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు, మా పంచర్ షాపాయన ఊరికే ఇచ్చాడు. కారు వైపు ఉన్న పెడల్ విప్పేయండి. విప్పడం రాకపోతే ట్యూబుతో చుట్టి కదలకుండా కట్టండి. నా డిక్కీ మీద గీత దానివల్లే. ముందు చక్రం అలాగే ఉంచితే ఫ్రేముకు కట్టేయండి, లేకపోతే దారంతా హ్యాండిల్ తలాడిస్తూ ఉంటుంది. చక్రం సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా రాకూడదు. ఆ వేడికి టైరు కాలిపోతుంది.

మిగిలిన బెల్టు కొసలు చుట్టి కట్టేయండి. గాలికి ఊగే కొస కెమెరా ముందు, సెన్సర్ ముందు ఆడుతుంటే కారు పిచ్చిపట్టినట్టు అరుస్తుంది. సైకిళ్ల మీద టార్పాలిన్ కవరు తొడిగి హైవే ఎక్కకండి. అది గాలికి తెరచాపలా ఉబ్బి బెల్టుల మీద లాగుతుంది.

చివరగా సైకిలు ఫ్రేము పట్టుకుని గట్టిగా ఊపండి. ర్యాక్ కాదు, కారు ఊగాలి.

లైట్లు, నంబరు

మామూలు కారులో బ్రేకు మీరు వేస్తారు. అడాస్ ఉన్న కారులో కొన్నిసార్లు అదే వేసుకుంటుంది. క్రూయిజ్‌లో (వేగాన్ని, ముందు బండికి దూరాన్ని కారే చూసుకునే పద్ధతిలో) పోతుంటే ముందు ఆటో వేగం తగ్గిస్తే మీ కారు కూడా దానంతటదే తగ్గుతుంది. మనిషో బండో అడ్డొస్తే గట్టిగా తొక్కినట్టు ఆగొచ్చు. వెనక వచ్చేవాడికి ఉన్న ఒకే సూచన మీ బ్రేకు లైటు, దాన్ని సైకిలు చక్రం కప్పేసింది. డిక్కీ అద్దం పైనుండే మూడో లైటును ర్యాక్ చేతులు కప్పేశాయి. అందుకే నేను లైట్ల విషయంలో మొండిగా ఉంటాను.

మీరు సీట్లో కూర్చుని బ్రేకు, రెండు ఇండికేటర్లు, రివర్స్ లైటు ఒక్కొక్కటి వేయండి. ఇంట్లో ఎవరినైనా పది అడుగుల దూరంలో ఒకసారి, ముప్పై అడుగుల దూరంలో ఒకసారి నిలబెట్టి, ఎడమ నుంచి కుడికి నడుస్తూ చూడమనండి. ఏ వైపు నుంచైనా ఒక లైటు కనపడకపోతే సైకిళ్లు పైకి జరపాలి, లేదా చక్రం విప్పాలి. రేడియం స్టిక్కర్ అంటిస్తే మంచిదే, కానీ అది బ్రేకు లైటుకు బదులు కాదు. ఏం చేసినా లైట్లు కనపడకపోతే చీకట్లో ప్రయాణం పెట్టుకోకండి.

నంబర్ ప్లేటు కూడా అంతే. అట్ట మీద నంబరు రాసి సైకిలుకు వేలాడదీస్తే చెల్లుతుందనుకోవద్దు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి, అది ఊడదీసి మార్చుకునేది కాదు. సైకిళ్లను ఎత్తులో కట్టే ర్యాక్ ఎంచుకోవడమే దారి. కొనేటప్పుడే కారు తీసుకెళ్లి బిగించి చూసుకోండి.

ఖాళీ వాటర్ క్యాన్ పరీక్ష

20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ ఒకటి, తోడుగా ఒక మనిషి, కాస్త ఖాళీ స్థలం ఉంటే చాలు.

మొదటిసారి ర్యాక్ లేకుండా. కారు వెనక రెండు మీటర్లలో క్యాన్ పెట్టి, రివర్స్ గేరు వేసి, కాలు బ్రేకు మీదే ఉంచండి. తోడున్నవాళ్లు పక్కన నిలబడి కర్రతో క్యాన్‌ను అడుగు అడుగు దగ్గరికి నెడతారు. ఎక్కడ బీప్ మొదలైంది, ఎక్కడ ఆగకుండా మోగింది, రాసుకోండి. తర్వాత ఖాళీ ర్యాక్‌తో. ఆ తర్వాత సైకిళ్లతో. నా కారులో ఖాళీ ర్యాక్‌కు మధ్య సెన్సర్లు మాత్రమే మోగాయి. సైకిళ్లు పెట్టాక క్యాన్ ఉన్నా లేకపోయినా ఒకటే మోత. అంటే ఆ మోతలో సమాచారం ఏమీ లేదు. ఈ ముక్క మీ కళ్లతో చూశాక కారు వెనక్కి తీసే తీరు మీకే మారిపోతుంది.

రివర్స్‌లో పక్క నుంచి అడ్డంగా వచ్చే బండ్లను చెప్పే హెచ్చరిక మీ కారులో ఉంటే, బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, స్కూటర్ మీద ఒకరిని కారు వెనక నుంచి దూరంగా, నెమ్మదిగా అడ్డంగా పోనివ్వండి. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. బ్లైండ్ స్పాట్ మాత్రం ఆగి ఉన్న కారులో పరీక్షించలేరు, సాధారణంగా కొంత వేగం అందుకున్నాకే అది పనిచేస్తుంది. ట్రాఫిక్ తక్కువ ఉన్న రోడ్డు మీద పోతూ పక్కన కూర్చున్నవాళ్లను గమనించమనండి: పక్కన బండి లేకుండా అద్దంలో గుర్తు వెలిగిందా, బండి దాటి పోతున్నా వెలగలేదా.

ఏది ఆపాలి, ఏది ఆపకూడదు

రివర్స్‌లో దానంతటదే బ్రేకు వేసే ఫీచర్ ఉంటే ఆపేయండి. సైకిలును గోడ అనుకుని అది కారును కదలనివ్వదు. పార్కింగ్ సెన్సర్ల మోత కూడా ఆపొచ్చు, ఒక షరతు మీద: ఆపిన క్షణం నుంచి కారు వెనక్కి పోవాలంటే ఒక మనిషి దిగి వెనక నిలబడాలి. ఆ మనిషి డ్రైవర్ అద్దంలో కనపడే చోటే ఉండాలి. కనపడకపోతే కారు ఆగాలి. ఒంటరిగా ఉంటే మీరే దిగి చూసి, ఎక్కి, వెంటనే కదలండి.

రోడ్డు మీద చూసినప్పుడు బ్లైండ్ స్పాట్ తప్పు చూపిస్తే దాన్నీ ఆపండి. ఊరికే వెలిగే లైటును పదిసార్లు చూశాక పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. చాలా కార్లలో ఇవన్నీ స్క్రీన్ సెట్టింగుల్లో డ్రైవర్ అసిస్ట్ అనే చోట ఉంటాయి. కొన్ని ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే వాటంతటవే ఆన్ అయిపోతాయి. టీకి ఆగి ఎక్కినప్పుడల్లా చూసుకోవాలి. తెలిసిన మెకానిక్ ఫ్యూజు పీకేస్తానంటాడు, వద్దు. దాంతోపాటు ఇంకేవి ఆగుతాయో ఆయనకూ తెలియదు.

ముందు వైపు బ్రేకును, లేన్ హెచ్చరికను ముట్టుకోకండి. వాటి కెమెరా ముందు అద్దం వెనకాల ఉంది, రాడార్ ఉంటే ముందు భాగంలో ఉంటుంది. సైకిళ్లతో వాటికి సంబంధం లేదు. ఒక్కటే జాగ్రత్త: వెనక సైకిళ్లు, డిక్కీ నిండా సామాను, ముగ్గురు మనుషులు ఎక్కితే తోక కిందికి దిగి కారు ముక్కు లేస్తుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి, కెమెరా చూపు కూడా కొంత పైకి పోతుంది. వెనక టైర్లలో గాలి నిండు లోడుకు చెప్పిన లెక్కన కొట్టించి, హెడ్‌లైట్ లెవల్ చక్రం తిప్పి వెలుగు కిందికి దించుకోండి. బరువు సామాను డిక్కీలో కాకుండా వెనక సీటు కాళ్ల దగ్గర పెట్టండి. అన్నట్టు, ఫాస్టాగ్ స్టిక్కర్ ఆ ముందు కెమెరా ఎదురుగా అంటించారేమో కూడా ఈ సందర్భంలో చూసుకోండి. అలా అంటించిన కారును నేను చూశాను.

రోడ్డు మీద

నెల్లూరు నుంచి ఒంగోలు వైపు పోతే పెన్న దాటాక కోవూరు దగ్గర ఆగుతాను. మొదటి పది కిలోమీటర్లలో బెల్టులు సాగుతాయి, ఇంకాస్త బిగించాల్సి వస్తుంది. తర్వాత కావలిలో ఇంకోసారి. ఆ రెండు చోట్లా బిగువుగా ఉంటే ఇక ఒంగోలు దాకా భయం లేదు.

16వ నంబర్ జాతీయ రహదారి మీద క్రూయిజ్ వాడితే ముందు బండికి దూరం ఎక్కువ ఉండే సెట్టింగు పెట్టండి. బ్రేకు మెత్తగా పడుతుంది, సైకిళ్లు అద్దం మీదికి తోసుకురావు, వెనకవాడికీ టైము దొరుకుతుంది. 80 దాటగానే కారు ఎలాగూ బీప్ అంటుంది, సైకిళ్లున్న రోజు దాన్నే హద్దుగా పెట్టుకున్నాను. ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్డు నుంచి రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, ఎడమవైపు నుంచి దూసుకుపోయే బైకులు ఉంటాయి. అక్కడ క్రూయిజ్ ఆపి కాలితోనే నడపండి. బ్లైండ్ స్పాట్ ఆపి ఉంటే లేన్ మారే ముందు రెండు అద్దాలూ చూసి, మెడ కూడా తిప్పాలి. లోపలి అద్దంలో ఎలాగూ కనపడేవి సైకిళ్లే.

నిజానికి హైవే కన్నా మైపాడు గేటు దాటి ఇందుకూరుపేట మీదుగా పోయే దారే కష్టం. స్పీడ్ బ్రేకర్ మీద తోక ఎగిరి పడుతుంది, బాగా నెమ్మదిగా దాటించండి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తే మీరే వెనక్కి పోవాలి, వెనక ఎవరున్నారో కారు చెప్పదు. ఆ రోడ్డు మీద పోయేటప్పుడు దిగి చూసే మనిషి ఎవరో ముందే అనుకుని బయల్దేరతాం. బీచ్ దగ్గర కారును మొదటే తిప్పి, ముక్కు రోడ్డు వైపు ఉండేట్టు ఆపితే పోయేటప్పుడు వెనక్కి తీసే పనే ఉండదు.

ఇంటికొచ్చాక

సైకిళ్లు దించి ర్యాక్ అలాగే ఉంచేసి సోమవారం ఆఫీసుకు పోవద్దు. ఖాళీ ర్యాక్ కూడా కెమెరాకు అడ్డమే. విప్పేసి కొక్కేలు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, సముద్రం గాలికి తుప్పు తొందరగా పడుతుంది. ఎండలో పెట్టేస్తే బెల్టులు పెళుసెక్కుతాయి. కెమెరా, సెన్సర్ మచ్చలు మెత్తటి తడిగుడ్డతో తుడవండి. బంపర్ మూల ఎక్కడైనా సొట్టపడిందేమో చెయ్యిపెట్టి తడమండి. సొట్ట ఉంటే లోపల రాడార్ కోణం మారి ఉండొచ్చు, సర్వీస్ సెంటర్లో చూపించుకోవాలి.

ఆపినవన్నీ మళ్లీ ఆన్ చేసి, క్యాన్ పెట్టి, రివర్స్ గేరు వేయండి. మా ఇంట్లో క్యాన్ పట్టుకునే పని మా అమ్మాయిది. కాంపౌండ్ గోడ పక్కన నిలబడి కర్రతో నెడుతుంది. "అరిచింది నాన్నా" అన్నాకే ఇంజిన్ ఆపుతాను.